వెనక మూలనుంచి రాని మాట

ఆ పొద్దున ఆకాశం ఉతికి పిండకుండా ఆరేసిన దుప్పటిలా బరువుగా వేలాడుతోంది. చినుకు రాలదు, ఎండ రాదు. తూర్పున ఒక్కచోట మబ్బు పలచబడి కాస్త వెలుగు కనిపించింది. చూస్తుండగానే అదీ మూసుకుపోయింది. చిన్నమేస్త్రి మెడ ఎత్తి చూసి, "ఇవాళ పడదు" అన్నాడు. ఎవరూ అడగలేదు. అయినా గట్టిగానే అన్నాడు. మేస్త్రి అన్నవాడు వాన గురించి కూడా తెలిసినట్టే మాట్లాడాలని ఈమధ్య అతనికొక నమ్మకం.

వాళ్ళ పని ఇళ్ళు ఎత్తడం. కట్టడం కాదు, ఎత్తడం. తారు మీద తారు పోస్తూ పోతే వీధి ఎదుగుతుంది, ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్ళిన గుమ్మంలోకి కొన్నేళ్ళకి మెట్టు దిగి వెళ్ళాల్సి వస్తుంది. వానొస్తే వీధిలో నీళ్ళన్నీ పిలవని చుట్టాల్లా తిన్నగా ఇంట్లోకే వస్తాయి. అలాంటి ఇంటి గోడల కింద మట్టి తవ్వి, ఇనప దూలాలు దూర్చి, వాటికింద వరసగా జాకీలు పెట్టి, ఇల్లు ఇల్లంతా పైకి లేపుతారు. కింద కొత్త గోడ కట్టి, దానిమీద దింపుతారు. లారీ చక్రం మార్చేటప్పుడు పెట్టే జాకీలాంటిదే. కాకపోతే లారీకి ఒకటి చాలు. ఇంటికి ప్రతి గోడకీ కావాలి. జాకీకో మనిషి కావాలి. అందరి చేతులూ ఒక్కసారే తిరగాలి. ఒక మూల ముందు లేచి ఇంకో మూల వెనకబడితే గోడ ఊరుకోదు.

అందుకని ఈ పనిలో మేస్త్రికి చేతులకంటే గొంతు ముఖ్యం. అందరికీ కనబడేచోట నిలబడి "పావూ..." అని సాగదీస్తాడు. అందరూ రాడ్లు పట్టుకుంటారు. "తిప్పూ!" అంటాడు. పావు చుట్టు తిప్పుతారు. ఆ తర్వాత ముందు మూలనుంచి మొదలుపెట్టి వరసగా "అయింది", "అయింది" అని ఒక్కొక్కరూ బదులు చెప్పాలి. చివరి "అయింది" వినబడ్డాకే మళ్ళీ పావు.

ఇంకో మాట కూడా ఉంది. అది మేస్త్రిది కాదు, అందరిదీ. "ఆగు." జాకీ తిప్పేవాళ్ళు గాని, చెక్కలు అందించేవాళ్ళు గాని, ఎవరు "ఆగు" అన్నా చేతులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోవాలి.

చిన్నమేస్త్రి అన్నయ్య పెద్దమేస్త్రిగా ఉన్నన్నాళ్ళూ ఆ మాటకి తిరుగులేదు. "ఆగు" అని వినబడగానే ఆయన బీడీ పారేసి, ఇంటిచుట్టూ ఒక్కో జాకీ దగ్గరా వంగి చూసుకుంటూ వచ్చేవాడు. "ఎవర్రా అన్నది?" అని ఏనాడూ అడగలేదు. చాలాసార్లు అక్కడ ఏమీ ఉండేది కాదు. పాత సున్నం పెచ్చు రాలి ఉంటుంది, లేదంటే తలుపు కీచుమని ఉంటుంది. ఆయన ఇంటి వెనక్కి వెళ్ళి కాసేపుండి, తిరిగొచ్చి, గ్లాసుడు నీళ్ళు తాగి "సరే" అనేవాడు. వెనక్కి ఎందుకు వెళ్తాడో ఎవరూ అడగలేదు. వయసు మీదపడ్డ మనిషి, ఒంటికి వెళ్ళుంటాడని అనుకునేవారు.

ఆయనకి ఊపిరి చాలకుండా వచ్చింది. "పావూ" అన్నాక "తిప్పూ" అనేలోగా దగ్గు అడ్డం పడేది. ఒకరోజు పని మధ్యలోనే తలగుడ్డ తీసి తమ్ముడి భుజం మీద వేసి, ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. ఒక్క మాట లేదు. మర్నాటినుంచి తమ్ముడు చిన్నమేస్త్రి అయ్యాడు.

అన్నయ్య పెద్దరికం అన్నయ్యదే. అది తనకి రాలేదని చిన్నమేస్త్రికి తెలుసు. అందుకే సిమెంటు కంపెనీవాళ్ళు మేస్త్రీలకోసం క్లాసు పెట్టారంటే ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. మెడకి టై కట్టుకున్న ఒకాయన, "మీ గొంతులో వణుకుంటే మీ మనుషుల చేతుల్లో వణుకొస్తుంది. తెలియకపోయినా తెలిసినట్టు నిలబడండి" అన్నాడు. ఆ మాట చిన్నమేస్త్రి గుండెల్లో దిగింది. భోజనాలయ్యాక మనుషులు చెప్పేది వినడం గురించి ఇంకో సగం ఉందన్నారు. పప్పన్నం కడుపులో పడి, నెత్తిమీద ఫ్యాను తిరుగుతుంటే, ఆ సగంలో అతనికి కునుకు పట్టింది.

ఇప్పుడు ఎత్తుతున్న ఇల్లు బ్యాంకులో గుమాస్తాగా చేసి దిగిపోయినాయనది. చేతులు వెనక్కి కట్టుకుని ఇంటిచుట్టూ తిరుగుతాడు. ప్రతి పగులు దగ్గరా ఆగి, వేలితో తడుముతాడు. "మెషిన్లతో ఎత్తేవాళ్ళున్నారట గదయ్యా?" అని మూడుపూటలా అడుగుతాడు. ఆయన అడిగినప్పుడల్లా చిన్నమేస్త్రికి వీపున ముల్లు గుచ్చుకున్నట్టుండేది.

"అన్నీ మన చేతిలో ఉన్నాయండీ. మీరు లోపల కుర్చీ వేసుకుని పేపరు చదువుకోండి. గ్లాసులో టీ తొణికితే నన్నడగండి" అనేవాడు.

ఆ మబ్బు పొద్దున అతను ముందు గుమ్మం ఎదుట నిలబడి, ఇంటాయన వింటున్నాడని చూసుకుని, గొంతు పెంచి "పావూ..." అన్నాడు. రాడ్లు బిగిశాయి.

"ఆగు!"

వెనక వంటింటి మూలనుంచి. అది బావ గొంతు.

బావ అంటే చిన్నమేస్త్రి అక్క మొగుడు. పనివాళ్ళలో పెద్ద. వెనక మూల జాకీ ఎప్పుడూ ఆయనదే. తిప్పేముందు గోడకి చెవి ఆనించి వింటాడు. అందుకని అందరూ ఆయన్ని గోడచెవి అంటారు. బావమరిదికీ ఆయనకీ మాటకి మాట సరిపోయేది. ఇంట్లో అన్నం దగ్గర కూర్చుంటే ఇద్దరి నోళ్ళూ మూతపడవు. "వీడు పుట్టినప్పుడు వెంటనే ఏడవలేదు. ఎవరన్నా చూస్తున్నారో లేదో చూసుకుని అప్పుడేడ్చాడు" అని ఆయనంటే, "నిన్ను చూసే ఏడ్చాను బావా" అని ఇతను. అక్క గరిటె చూపించేదాకా అది సాగేది.

చిన్నమేస్త్రి వెనక్కి వెళ్ళి చూశాడు. జాకీ నిటారుగా ఉంది. కింద పలక గట్టిగా ఉంది. గోడమీద నెర్ర కొత్తది కాదు.

"ఏంటి బావా?"

"లోపల ఏదో కదిలినట్టనిపించింది రా."

"ఏది?"

"ఏమో. అనిపించింది."

వెనకాలే ఇంటాయన వచ్చేశాడు. ముఖం పాలిపోయింది. "ఏమైందయ్యా? గోడ పోతుందా? ఇందుకే మెషిన్లు..."

చిన్నమేస్త్రికి ఒళ్ళు వేడెక్కింది. టై కట్టుకున్నాయన గుర్తొచ్చాడు. నవ్వాడు. నవ్వి, అందరికీ వినబడేట్టు అన్నాడు:

"ఏం లేదండీ. గోడలకి చెవులుంటాయంటారు గదా, మా బావకి చెవుల్లోనే గోడలున్నాయి. బల్లి దగ్గినా భూకంపం అంటాడు!"

ముందు మూల జాకీ పట్టిన పొడుగోడు పకపకా నవ్వాడు. చెక్కలందించే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటాయన కూడా నవ్వాడు. గుండెమీద చెయ్యి వేసుకుని మరీ నవ్వాడు. పని మొదలైన దగ్గర్నుంచి ఆయన నవ్వడం అదే మొదలు.

బావ నవ్వలేదు. గోడకి ఆనించిన చెవి తీసి, అంటుకున్న సున్నం చేత్తో తుడుచుకున్నాడు.

"సరే మేస్త్రీ" అన్నాడు.

మేస్త్రీ! పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నోట "ఒరేయ్" తప్ప ఇంకోటి రాలేదు. చిన్నమేస్త్రి ముందుకి నడుస్తూ ఆ మాటని నాలుకమీద బెల్లంముక్కలా చప్పరించుకున్నాడు. బావంతటివాడు మేస్త్రీ అన్నాడు. అయితే టై కట్టుకున్నాయన చెప్పింది నిజమే. ఆ రోజు పని చకచకా సాగింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత కూడా. "అయింది, అయింది" అని పిట్టల్లా బదులు పలికారు. ఒక్కళ్ళ నోటా "ఆగు" రాలేదు. ఇంటాయన మెషిన్ల మాట ఎత్తడం మానేశాడు. అన్నయ్య రోజుల్లోకంటే పని జోరుగా నడుస్తోందని చిన్నమేస్త్రి రాత్రి అన్నం తింటూ పెళ్ళాంతో అన్నాడు.

ఆ నిశ్శబ్దాన్ని అతను నమ్మకం అనుకున్నాడు.

ఆ వారం చివర్లో రాత్రి వాన పడింది. పొద్దున్నే వెలిసింది గాని నేల బురదగా ఉంది. వంటింటి వెనక ఏళ్ళ తరబడి అంట్లు తోమిన నీళ్ళు ఇంకిన చోటు. పలక కింద మట్టి పైకి గట్టిగానే కనిపిస్తోంది. లోపల ఎలా ఉందో మట్టికే తెలియాలి.

"పావూ... తిప్పూ!"

"అయింది." "అయింది." "అయింది."

వెనక మూలనుంచి ఏమీ రాలేదు.

ఇంటాయన అరుగుమీద టీ తాగుతున్నాడు. చిన్నమేస్త్రి ఆయనవంక ఓరగా చూసి, నడుంమీద చేతులు పెట్టుకుని కేకేశాడు: "ఏం బావా! బల్లితో మాటల్లో పడ్డావా?"

పొడుగోడు నవ్వడం మొదలుపెట్టాడు. అప్పుడు వినబడింది. మనిషి కేక కాదు. తడి చెక్క నలిగిన చప్పుడు, దానివెనకే గోడ చిట్లిన చప్పుడు. ఆ తర్వాత చెక్కలావిడ అరుపు: "చెయ్యి! చెయ్యి!"

జాకీ కింద పలక మెత్తటి మట్టిలోకి ఒకవైపు దిగి, జాకీ పక్కకి వాలింది. పక్కనే ఆసరాకి పేర్చిన చెక్కల దొంతి దూలాన్ని పట్టుకుంది కాబట్టి ఇల్లు నిలిచింది. ఆ దొంతిపైన ఇంకో చెక్క ఇరికించబోయిన బావ కుడిచెయ్యి చెక్కకీ దూలానికీ మధ్య ఉంది. ఆయన నేలమీద మోకాళ్ళమీద కూర్చుని, నుదురు గోడకి ఆనించి, పళ్ళు బిగబట్టి ఉన్నాడు. నోటివెంట చప్పుడు లేదు. పొడుగోడు ఇంకో జాకీ తెచ్చి దూలం కింద పెట్టి తిప్పుతుంటే రాడ్డు రెండుసార్లు జారింది.

చెయ్యి బయటికొచ్చింది. చెక్కలావిడ కొంగు చించి చుట్టింది. చిన్నమేస్త్రి బావ భుజం పట్టుకున్నాడు. అంత గొంతూ ఎటుపోయిందో.

బావే మాట్లాడాడు. "నాకేం కాలేదు. మీరు ఇల్లు చూసుకోండి మేస్త్రీ. దొంతి ఇంకోటి పేర్చండి ముందు."

మీరు అన్నాడు.

ఆసుపత్రిలో వరండా పొడుగునా బల్లలు. గోడలకి నడుం ఎత్తువరకూ ఆకుపచ్చ రంగు, పైన తెలుపు. డాక్టరు లోపలినుంచి వచ్చి, చిటికెనవేలు, దాని పక్క వేలు నిలపలేకపోయామని చెప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. అక్క బల్లమీద కూర్చుని, బావ చెప్పులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. వాటికంటిన వెనక మూల బురద ఆమె చీరకి అంటుతోంది. తమ్ముడు వచ్చి పక్కన కూర్చుంటే జరగలేదు, దగ్గరకీ రాలేదు.

లోపల బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"బావా" అన్నాడు చిన్నమేస్త్రి. "జాకీ వాలడం నువ్వు ముందే చూసుంటావు. నీ కన్ను నాకు తెలుసు. ఆగమని ఒక్క మాట ఎందుకనలేదు?"

పక్క మంచమ్మీద ముసలాయన దగ్గు ఆగేదాకా చూసి, బావ అన్నాడు: "బల్లేమో అనుకున్నాలెండి."

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు బావమరిదికి ఇచ్చింది కాదు. పైవాళ్ళ ముందు మర్యాదకి నవ్వే నవ్వు. చిన్నమేస్త్రికి ఆ నవ్వు బాగా తెలుసు. తను ఇంటాయన ముందు నవ్వేది అదే.

"ఖచ్చితంగా తెలీదు గదా" అన్నాడు బావ మళ్ళీ, తనలో తను అనుకుంటున్నట్టు. "వాలినట్టే ఉంది, వాలనట్టూ ఉంది. అరిచి, తీరా ఏమీ లేకపోతే? ఒక చెక్క ఇరికించి చూద్దాం, పోయేదేముంది అనుకున్నా."

వరండాలోకి రాగానే అక్క తలెత్తకుండానే అడిగింది.

"ఇంటాయన ముందు అన్నావటగా."

"సరదాకే అక్కా. మేం ఎప్పుడూ అనుకునేదేగా."

"ఇంట్లో అనుంటే ఆయనే పదిమందికి చెప్పుకుని నవ్వేవాడు. బల్లి మాట బాగుందిరా అనేవాడు. నువ్వు మా ఇంటి సరసాన్ని తీసుకెళ్ళి వీధిలో అమ్ముకున్నావు." చెప్పుల మీద బురద గోటితో గీకింది. "ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. అడిగితే చెప్పలేదు. పొడుగోడి పెళ్ళాం చెప్పింది నాకు."

సరదాకే అని ఇంకోసారి అనబోయి చిన్నమేస్త్రి ఆగాడు. సరదా కాదు. ఆ క్షణాన ఇంటాయన నవ్వు కావాలి అతనికి. చేతికందిన మనిషిని ఎరగా వేసి ఆ నవ్వు పట్టాడు. చేతికందినవాడు కాబట్టే, ఎంతన్నా పడి ఉంటాడు కాబట్టే.

ఆసుపత్రినుంచి అటే అన్నయ్య ఇంటికి వెళ్ళాడు. పెద్దమేస్త్రి మంచానికి ఆనుకుని కూర్చుని, కాళ్ళు ఎండలో పెట్టుకుని ఉన్నాడు. కబురు అప్పటికే చేరింది. తమ్ముణ్ణి చూసి కూర్చోమనలేదు, వద్దనలేదు. తమ్ముడు గడపమీద కూర్చుని జరిగిందంతా చెప్పాడు. బల్లి మాట కూడా దాచలేదు.

అన్నయ్య ఊపిరి తీసుకుంటూ విన్నాడు.

"నువ్వెప్పుడూ ఎవరన్నారని అడిగేవాడివి కాదు" అన్నాడు తమ్ముడు.

"అడిగితే ఇంకెవడు చెప్తాడ్రా."

"ఉత్తుత్తినే ఆపినప్పుడు కోపం వచ్చేది కాదా?"

"రాకేం?" పెద్దమేస్త్రి దగ్గాడు, ఆగాడు. "నీ బావ మీదయితే రోజూ వచ్చేది. వెనక్కెళ్ళి గోడని తిట్టేవాణ్ణి. నోటికొచ్చినట్టు. గోడ ఎవరికీ చెప్పదుగా."

తమ్ముడు తల వంచుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆయన ఒంటికి వెళ్తున్నాడనుకున్నారు.

"ఇది నువ్వు నాకు చెప్పలేదేం అన్నయ్యా?"

ఈసారి పెద్దమేస్త్రి తల పక్కకి తిప్పుకున్నాడు. ఎండ కాళ్ళమీదనుంచి జరిగింది. "చెప్పాల్సింది" అన్నాడు. "చూసి నేర్చుకున్నావనుకున్నా. గొంతు ఉంది గదా, చాలనుకున్నా." ఇంకేదో అనబోయాడు. దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగేదాకా తమ్ముడు ఆయన వీపు రాస్తూ కూర్చున్నాడు.

ఎత్తిన ఇంటిని గాలిలో వదిలెయ్యడానికి లేదు. వాన మళ్ళీ వచ్చేట్టుంది. రెండు రోజులు వెనక మూల మట్టి తవ్వి, రాయి నింపి, పలకలు వేశారు. ఆ రెండు రోజులూ ఎవరూ పాట పాడలేదు, ఎవరూ ఎవర్నీ పేరుపెట్టి ఏడిపించలేదు. పనిముట్లే మాట్లాడుకున్నాయి. మూడోరోజు పొద్దున జాకీల దగ్గరికి వెళ్ళబోతున్నవాళ్ళని చిన్నమేస్త్రి గుమ్మం ఎదుట ఆపాడు. ఇంటాయన్ని కూడా అరుగుమీదనుంచి రమ్మన్నాడు.

దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ వచ్చాడు. తీరా నిలబడితే గొంతు వణికింది. వణకనిచ్చాడు.

"మొన్న బావ ఆగమంటే నేను ఎగతాళి చేశాను. ఈయన ముందు చేశాను. అందుకే ఈయన ముందే చెప్తున్నా. అది తప్పు. ఆ మాటవల్లే బావ రెండోసారి నోరెత్తలేదు. రెండు వేళ్ళు పోయాయి ఆయనవి, పోగొట్టింది నేను. ఇకనుంచి ఎవరు ఆగమన్నా ఆపుతాను. అడగను. నమ్మమనడానికి నాకు ముఖం లేదు. చూసుకోండి మీరే."

పొడుగోడు కాలి బొటనవేలితో మట్టి గీస్తున్నాడు. మొదట నవ్విన నవ్వు తనది కదా అన్నట్టుంది వాడి ముఖం.

ఇంటాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఏ మాటయ్యా? నాకు గుర్తే లేదే" అన్నాడు అమాయకంగా.

చిన్నమేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఎవరి నవ్వుకోసం అంత చేశాడో ఆయనకి ఆ నవ్వే గుర్తులేదు.

"వెనక మూల ఎవరు పడతారు?" అంది చెక్కలావిడ. అందరూ నేలచూపులు చూశారు.

"నేను పడతా."

"మరి కేక?"

"అక్కణ్ణుంచే వేస్తా."

వెనక మూలలో కూర్చుంటే ఇంకెవరూ కనబడరు. ముందు మూల లేదు, పక్క గోడ లేదు, ఇంటాయన ముఖం లేదు. ఎదురుగా గోడ, చేతిలో రాడ్డు. ఎవరు తిప్పారో, ఎవరు తిప్పలేదో, ఎవరి దగ్గర ఏం వాలిందో వాళ్ళు చెప్తేనే తెలియాలి. ఇన్నేళ్ళు బావ కూర్చున్నచోటు ఇదా అనుకున్నాడు. కేక వచ్చిన దిక్కుని నమ్మి ఇక్కడ చెయ్యి పెట్టడమా.

"పావూ... తిప్పూ!"

"అయింది." గోడ అవతలనుంచి. "అయింది." ఇంకా దూరంనుంచి. అన్నీ విన్నాక తన మాట తను చెప్పుకున్నాడు: "అయింది."

కాసేపటికి, "ఆగు!"

రాడ్డు వదిలి లేచి, ఇంటిచుట్టూ తిరిగాడు. ఒక్కో జాకీ దగ్గరా వంగాడు. ఏమీ లేదు. పొడుగోడు ఆకాశంలోకి చూస్తున్నాడు. "సరే" అని తిరిగొచ్చాడు.

రెండు పావులయ్యాయో లేదో మళ్ళీ "ఆగు!" ఈసారి ఆడగొంతు. మళ్ళీ తిరిగాడు. ఏమీ లేదు. "సరే."

మూడోసారి, నాలుగోసారి. పొద్దెక్కుతోంది. మబ్బు దించుకొస్తోంది. ఇంటాయన లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. పని అంగుళం ముందుకి పోవడం లేదు. వాళ్ళు గోడని కాదు, తనని తట్టి చూస్తున్నారని చిన్నమేస్త్రికి అర్థమైంది. అర్థమైనా కోపం కోపమే. ఐదోసారి తిరిగొచ్చి వెనక మూలలో గోడ ఎదుట నిలబడి, అన్నయ్యలాగే తిడదామని నోరు తెరిచాడు.

కళ్ళ ఎదుట, దూలం అంచున, నల్లగా ఎండిన మరక ఉంది. ఎవరూ కడగలేదు.

తిట్టు రాలేదు. మోకాళ్ళమీద కూర్చుని గోడకి చెవి ఆనించాడు. సున్నం చల్లగా తగిలింది. లోపల ఏమీ వినబడలేదు. చాలాసేపు విన్నాడు. బావకి ఏం వినబడేదో, నిజంగా ఏదన్నా వినబడేదో లేదో, ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా అడగలేదు తను.

"సరే!" అని కేకేశాడు. ఆ తర్వాత మధ్యాహ్నందాకా ఎవరూ ఆపలేదు. ఆపనందుకు సంతోషించే ధైర్యం అతనికి లేకపోయింది.

భోజనాల వేళకి అక్క క్యారేజీ పట్టుకుని వచ్చింది. ఆమె వెనక బావ. చెయ్యి మెడకి కట్టిన గుడ్డలో ఉంది. ఇంటివంక ఒకసారి, పైనుంచి కిందికి చూశాడు. ఎత్తు లేచింది. వెనక మూలకి వెళ్ళి, రాళ్ళమీద వేసిన పలకల్ని కాలితో తన్ని చూశాడు.

"గట్టిగా వేశారు" అన్నాడు.

"బావా, వచ్చే పనినుంచి నువ్వు నాతోపాటు నిలబడు. జాకీ వద్దు. చూడ్డానికి."

"చూద్దాం మేస్త్రీ."

అవునని కాదు, కాదని కాదు. మేస్త్రీ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు బెల్లంలా ఉంది. ఇప్పుడు విన్న ప్రతిసారీ చెంప చెళ్ళుమన్నట్టుంది. "ఒరేయ్" అను బావా, తిట్టు, మీ అక్కని ఎందుకు చేసుకున్నానా అను, అని అడగాలనుంది. అడిగితే వచ్చేది కాదది.

లేపిన ఇంటి నీడలో వరసగా కూర్చున్నారు. అక్క అందరికీ వడ్డించింది. తమ్ముడికీ వడ్డించింది, ముఖం చూడకుండా, అయినా ఎప్పటిలాగే మీగడ పెరుగు అతని వైపే ఎక్కువ వంచింది. బావ కంచం ముందు చెంచా పెట్టింది. ఆయన ఎడమచేత్తో చెంచా పట్టుకుని అన్నం కలపబోయాడు. మెతుకులు కంచం అంచు దాటి పడ్డాయి. పక్కన కూర్చున్న చిన్నమేస్త్రి చెయ్యి తనంతట తనే కదిలి, బావ కంచం వైపు సగం దూరం వెళ్ళి ఆగింది.

ఇంకోరోజయితే ఆ చెయ్యి అడగకుండా కలిపేసేది. "ముసలాడివైపోయావు బావా, ఇక ముద్దలు కూడా మేమే కలపాలా" అని కూడా అనేవాడు.

బావ ఆ చేతిని చూశాడు. కాసేపటికి కంచాన్ని ఎడమచేత్తో అటువైపు కొద్దిగా జరిపాడు. చిన్నమేస్త్రి అన్నం కలిపాడు. మెత్తగా, చిన్న ముద్దలుగా చేసి, కంచంలో ఓ పక్కకి పెట్టి, తిరిగి జరిపాడు.

పైన ఎక్కడో దూలం కిర్రుమంది. అందరి చేతులూ కంచాల్లో ఎక్కడివక్కడ ఆగిపోయాయి. బావ తల పక్కకి వంచి విన్నాడు. ఆయన వింటున్నంతసేపూ ఎవరూ నమల్లేదు. తర్వాత ఆయన చెంచాతో ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

అది చూసి మిగతావాళ్ళు కూడా తినడం మొదలుపెట్టారు.